ఎంఎల్‌బీ ది షో కొనేముందు అందులో ఏ మోడ్ మీదో తేల్చుకోండి

బేస్‌బాల్ గేమ్ కొందామనుకునేవాళ్ళు ముందుగా అడిగేది "ఏ గేమ్ బాగుంటుంది?" అని. దానికి జవాబు చెప్పడం తేలికే. అమెరికాలోని ప్రధాన లీగ్ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్ (ఎంఎల్‌బీ)లోని అసలు 30 జట్లు, అసలు ఆటగాళ్ళు, అసలు స్టేడియంలు ఉండి, చూస్తే టీవీలో మ్యాచ్ చూస్తున్నట్టే అనిపించే గేమ్ కన్సోల్ మీద కావాలంటే ఎంఎల్‌బీ ది షో ఒక్కటే ఉంది. 2కే అనే కంపెనీ వాళ్ళ బేస్‌బాల్ సిరీస్ 2013తో ఆగిపోయింది, ఆర్‌బీఐ బేస్‌బాల్ 2021తో ఆగిపోయింది, ఈఏ వాళ్ళ ఎంవీపీ బేస్‌బాల్ అయితే ఎప్పుడో 2005 నాటి మాట. ఇంక పోటీ అనేదే లేదు కాబట్టి మీరు నిజంగా ఆలోచించాల్సింది వేరే ఉంది: ఈ ఒక్క గేమ్‌లోనే నాలుగైదు వేర్వేరు గేమ్‌లు ఉన్నాయి (వాటినే మోడ్‌లు అంటారు), వాటిలో ఒకటి మీ టైమ్‌కి, మీ స్వభావానికి సరిపోతే వందల గంటలు ఆడతారు, సరిపోనిదాంట్లో పడితే రెండు వారాల్లో విసిగిపోయి గేమే బాగాలేదనుకుంటారు. నేను చూసినంతలో ఈ గేమ్‌ని తిట్టుకునేవాళ్ళలో చాలామంది తమకు పడని మోడ్‌లో ఇరుక్కున్నవాళ్ళే.

ఇక్కడ నేను మాట్లాడేది 2025 మార్చిలో వచ్చిన ది షో 25 గురించి. అవసరమైన చోట అంతకుముందువి కూడా చెప్తాను.

మోడ్ ఏదైనా బంతి విసరడం, బంతిని కొట్టడం మారవు, కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం. కొట్టడానికి మూడు పద్ధతులున్నాయి. టైమింగ్ పద్ధతిలో సరైన క్షణంలో బటన్ నొక్కితే చాలు, డైరెక్షనల్‌లో బంతిని ఎటు కొట్టాలో కూడా చెప్పొచ్చు, జోన్‌లో మాత్రం పని మొత్తం మీదే. ఎడమ స్టిక్‌తో పీసీఐ అనే చిన్న గురిని కదుపుతూ బంతి వచ్చే చోటికి తీసుకెళ్ళాలి, అదే సమయానికి బటన్ నొక్కాలి. ప్లేస్టేషన్‌లో ఎక్స్ మామూలు స్వింగ్, స్క్వేర్ నొక్కితే బలం పెరిగి గురి చిన్నదవుతుంది, సర్కిల్ నొక్కితే గురి పెద్దదై బలం తగ్గుతుంది. వినడానికి ఇంతే, కానీ పిచ్చర్ (బంతి విసిరేవాడు) చేతిలోంచి బంతి వదిలాక మీకుండే టైమ్ అర సెకను అటూ ఇటూ, ఆ కాస్తలోనే అది ఫాస్ట్‌బాలా (సూటిగా వచ్చే వేగమైన బంతి) స్లైడరా (ఆఖర్లో పక్కకి జారేది), స్ట్రైక్ జోన్‌లోకి (బ్యాటర్ కొట్టాల్సిన ఎత్తు, వెడల్పుల్లోకి) వస్తుందా బయటికి పోతుందా, అసలు బ్యాట్ ఊపాలా వద్దా అన్నీ తేల్చుకోవాలి.

ఉదాహరణకి రెండు స్ట్రైక్‌లు పడ్డాయి (మూడోది పడితే అవుట్), బాల్స్ (జోన్ బయటికి పోయిన, మీరు ఊపని బంతులు) సున్నా, కుడిచేతి పిచ్చర్, మీ బ్యాటర్ కూడా కుడిచేతివాడే. బంతి సరిగ్గా మధ్యలోకి, నడుము ఎత్తులో వస్తున్నట్టు బయల్దేరుతుంది. కొత్తవాళ్ళు అక్కడే బ్యాట్ ఊపేస్తారు, ఆ స్లైడర్ ఆఖరి క్షణంలో కిందికి, ప్లేట్ (బ్యాటర్ పక్కనున్న తెల్ల పలక) అవతలి అంచు దాటి జారిపోతుంది, అవుట్. ఇదే బంతిని రెండో వారంలో వదిలేయడం మొదలుపెడతారు, ఎందుకంటే అది చేతి నుంచి వదిలే తీరులో, తిరిగే తీరులో ఉన్న తేడా మెల్లగా కంటికి ఆనడం మొదలవుతుంది. ఇలా బంతిని చదవడం అలవాటయ్యే క్రమమే ఈ గేమ్ ప్రాణం. గ్రాఫిక్స్ గురించి ఎంత మాట్లాడుకున్నా నన్నడిగితే ఈ సిరీస్ ఇన్నేళ్ళు నిలబడింది దీనివల్లే. ది షో 25లో ఆంబుష్ అని ఇంకోటి చేర్చారు, బంతి లోపలివైపు వస్తుందా బయటివైపు వస్తుందా అని ముందే కుడి స్టిక్‌తో ఊహించి చెప్పొచ్చు, ఊహ నిజమైతే గురి పెద్దదవుతుంది, తప్పితే చిన్నదవుతుంది. దీన్ని మొదట్లో ముట్టుకోకండి, పిచ్చర్ ఎలా ఆలోచిస్తాడో కాస్త పట్టుబడ్డాక వాడితే మజా తెలుస్తుంది.

ఒక ఫిర్యాదు మాత్రం ఏటా వినిపిస్తుంది. టైమింగ్ సరిగ్గా కుదిరి, గురి కూడా సరిగ్గా బంతి మీద ఉంటే దాన్ని పర్ఫెక్ట్ పర్ఫెక్ట్ అంటారు, అలా కొట్టిన బంతి కూడా నేరుగా వెళ్ళి ఫీల్డర్ గ్లవ్‌లో పడుతుంటుంది. అన్నీ సరిగ్గా చేసి అవుటైతే ఒళ్ళు మండుతుంది, అందులో సందేహం లేదు. కానీ అసలు బేస్‌బాల్‌లో జరిగేదీ అదే, గట్టిగా కొట్టిన బంతులు ఫీల్డర్ల చేతుల్లో పడటం ప్రతి మ్యాచ్‌లోనూ చూస్తాం, అది తీసేస్తే హోమ్ రన్‌ల (మైదానం దాటేసే షాట్‌ల) పండగే మిగులుతుంది గానీ బేస్‌బాల్ మిగలదు. లాంగ్ సీజన్ ఆడేవాళ్ళకి ఇది సర్దుకుపోతుంది, ఎందుకంటే తప్పుగా కొట్టిన బంతులు కూడా కొన్ని ఇద్దరు ఫీల్డర్ల మధ్యలో పడతాయి. ఒక్క ర్యాంక్డ్ (గెలుపోటముల్ని బట్టి స్థాయి మారే ఆన్‌లైన్ పోటీ) మ్యాచ్ మీదే ప్రాణం పెట్టుకున్నవాళ్ళకి మాత్రం ఇది నిజంగానే బాధ, ఆ తేడా గుర్తుపెట్టుకోండి, మోడ్ ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది.

బంతి విసరడానికి అయిదు పద్ధతులున్నాయి, వాటిలో 2021లో వచ్చిన పిన్‌పాయింట్ గురించి తప్పక చెప్పాలి. ప్రతి రకం బంతికీ ఒక గీత ఉంటుంది, కుడి స్టిక్‌తో ఆ గీతను గీయాలి, తెర మీద ఒక వలయం కుంచించుకుపోతూ ఉంటుంది, అది సరైన సైజుకి వచ్చేసరికి మీ గీత పూర్తవ్వాలి, చివర్లో స్టిక్ వాలిపోకుండా సూటిగా ముగియాలి. ఫోర్ సీమ్ ఫాస్ట్‌బాల్‌కి గీత చాలా సింపుల్, కర్వ్‌బాల్‌కి (బాగా వంగే బంతికి) స్టిక్‌ని తిప్పాల్సి వస్తుంది. చేయి తిరిగిందంటే బంతిని అనుకున్న మూలలో పెట్టొచ్చు, ఆ తృప్తి మామూలుగా ఉండదు. అయితే పిచ్చర్ అలిసిపోతున్న కొద్దీ ఎంత బాగా గీసినా బంతి గురి తప్పుతుంది, తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఆరోదానికి వచ్చేసరికి "ఇతన్నే కొనసాగించనా, కొత్తవాణ్ణి తేనా" అనే టెన్షన్ మొదలవుతుంది. కొత్తవాళ్ళు మాత్రం మొదట మీటర్ పద్ధతితో మొదలుపెట్టండి, మూడుసార్లు బటన్ నొక్కడమే పని, ఆట మీద దృష్టి పెట్టొచ్చు.

ఆటలో ఇంత లోతు ఉన్నా చుట్టూ ఉన్న హంగుల్లో ఏళ్ళ తరబడి పెద్ద మార్పు లేదు. జాన్ బూగ్ షాంబీ, క్రిస్ సింగిల్టన్‌ల కామెంటరీ 2022లో వచ్చినప్పుడు తాజాగా అనిపించింది, ఇప్పుడు సగం వాక్యాలు వాళ్ళకంటే ముందే మీరు చెప్పేయగలరు. ఇన్నింగ్స్ మధ్యలో వచ్చే దృశ్యాలు కూడా ఎప్పుడో చూసినవే. ఫీల్డింగ్ కదలికలు 25లో బాగుపడ్డాయి, ఫీల్డర్ మొదటి అడుగు వేసే తీరు, బంతి వైపు తిరిగే తీరు సహజంగా ఉన్నాయి, అయినా అప్పుడప్పుడూ చేతికందే బంతిని వదిలేసి నిలబడిపోయే మనిషి ఇంకా ఉన్నాడు. మొత్తంగా చెప్పాలంటే మైదానంలో ఆటకి నేను మొహమాటం లేకుండా ఎక్కువ మార్కులు వేస్తాను, దాని చుట్టూ ఉన్న హంగులకి సగమే వేస్తాను.

ఇక మోడ్‌ల సంగతికొద్దాం.

బేస్‌బాల్ అంటే పెద్దగా తెలియనివాళ్ళకి, లేదా ఒంటరిగా, తమ పాటికి తాము ఆడుకోవాలనుకునేవాళ్ళకి రోడ్ టు ది షో. ఒక ఆటగాణ్ణి మీరే తయారుచేస్తారు, కింది స్థాయి నుంచి మొదలై మేజర్ లీగ్ దాకా అతని కెరీర్ నడిపిస్తారు. ది షో 25లో ఇది మొదటిసారి హైస్కూల్ నుంచి మొదలవుతుంది, ఆ తర్వాత కాలేజీకి వెళ్ళాలా, నేరుగా డ్రాఫ్ట్‌కి (జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమానికి) వెళ్ళాలా అన్నది మీ ఇష్టం, కాలేజీ అంటే వాండర్‌బిల్ట్, ఎల్‌ఎస్‌యూ, యూసీఎల్‌ఏ, టెన్నెసీ లాంటి నిజమైన జట్లే. ది షో 24 నుంచి మహిళా క్రీడాకారిణిగా కూడా ఆడొచ్చు, ఆమె దారికి వేరే కథ రాశారు. ఈ మోడ్‌లో గొప్ప సౌలభ్యం ఏంటంటే మ్యాచ్ మొత్తం ఆడనక్కర్లేదు, మీ వంతు బ్యాటింగ్, మీ దగ్గరికి వచ్చిన బంతులు, అంతే, కాబట్టి బ్యాటర్‌గా అయితే ఒక మ్యాచ్ పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. పడుకునేముందు ఒకటో రెండో ఆడి పక్కన పెట్టేయొచ్చు.

పొజిషన్ ఎంచుకునేటప్పుడు తొందరపడకండి. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్), సెంటర్ ఫీల్డ్ అయితే బ్యాటింగ్‌తో పాటు ఫీల్డింగ్‌లోనూ పని ఉంటుంది, ఆటలోని అన్ని ముక్కలూ తెలుస్తాయి. స్టార్టింగ్ పిచ్చర్ అయితే అయిదు మ్యాచ్‌లకోసారి వంతు వస్తుంది, వచ్చినప్పుడు మాత్రం ఒక్కో మ్యాచ్ చాలాసేపు పడుతుంది, ఆరేడు ఇన్నింగ్స్ మీ చేతి మీదే నడుస్తుంది. క్లోజర్ అయితే చివరి ఇన్నింగ్స్‌లో వచ్చి మూడు అవుట్‌లు తీసి వెళ్ళిపోవడమే, మ్యాచ్ చిన్నది, ఒత్తిడి పెద్దది. నా సలహా అడిగితే మొదటి కెరీర్ బ్యాటర్‌గా షార్ట్‌స్టాప్‌లో ఆడండి, రెండోది పిచ్చర్‌గా.

లోటు లేదా అంటే ఉంది. హైస్కూల్, కాలేజీ భాగం ఎంత బాగున్నా చిన్నది, గట్టిగా కుదురుకునేలోపే అయిపోతుంది. మేజర్ లీగ్‌కి చేరాక కథ పలచబడిపోతుంది, మేనేజర్ మాటలు, ఏజెంట్ మాటలు మళ్ళీ మళ్ళీ అవే వస్తాయి, జట్టులో మిగతావాళ్ళతో మీకు సంబంధమే ఉన్నట్టు అనిపించదు. రెండు మూడు సీజన్ల తర్వాత మిగిలేది అంకెలు పెంచుకోవడం. అంకెలంటే ప్రాణమిచ్చేవాళ్ళకి అది చాలు, కథ కోసం వచ్చినవాళ్ళు అక్కడ ఆగిపోతారు.

డైమండ్ డైనాస్టీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఈ గేమ్‌కి డబ్బు తెచ్చేది అదే, తయారీదారుల శ్రద్ధలో పెద్ద వాటా పోయేది కూడా దానికే, కొత్తగా వచ్చినవాళ్ళని మెనూ మొత్తం అటే లాగుతుంది. ఇది కార్డుల మోడ్. ఇప్పుడు ఆడుతున్న ఆటగాళ్ళకి, పాత తరం దిగ్గజాలకి కార్డులుంటాయి, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని స్థాయిలు, రేటింగ్ 85 లేదా అంతకంటే ఎక్కువుంటే డైమండ్. ఆ కార్డులతో జట్టు కట్టి కంప్యూటర్ మీదో మనుషుల మీదో ఆడాలి. లైవ్ సిరీస్ కార్డుల విలువ నిజమైన సీజన్‌లో ఆటగాడు ఎలా ఆడుతున్నాడన్న దాన్ని బట్టి మారుతూ ఉంటుంది, రేటింగ్ 79 దగ్గర ఉన్నవాడు నిజంగానే చెలరేగిపోతుంటే అతని కార్డు గోల్డ్ అవుతుందని ముందే పసిగట్టి కొనిపెట్టుకునేవాళ్ళున్నారు. బేస్‌బాల్ రోజూ ఫాలో అయ్యేవాళ్ళకి ఇది అదనపు సరదా.

ఇందులో డబ్బు పేరు స్టబ్స్. ఆడి సంపాదించుకోవచ్చు, నిజం డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు, మార్కెట్‌లో కార్డులు అమ్మి కూడా సంపాదించొచ్చు. మార్కెట్ లెక్క ఇలా ఉంటుంది: ఒక కార్డుని 1000 స్టబ్స్‌కి కొంటానని ఆర్డర్ పెట్టారు, దొరికింది, దాన్నే 1500కి అమ్మకానికి పెట్టారు, అమ్ముడుపోయింది. అమ్మకం మీద గేమ్ 10 శాతం కోసుకుంటుంది, అంటే 150 పోయి 1350 చేతికొస్తుంది, మిగిలింది 350. ఆ కోత లెక్కలో వేసుకోకుండా 1000కి కొని 1100కి అమ్మితే లాభం బదులు 10 స్టబ్స్ నష్టం. ఇంత చిన్న లెక్క తెలిసి, ఆడకుండా ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఓపిగ్గా ఆర్డర్లు పెట్టుకునేవాళ్ళు ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మంచి జట్టు కట్టేస్తారు. కార్డుల మోడ్‌లున్న మిగతా స్పోర్ట్స్ గేమ్‌లతో పోల్చితే డబ్బు పెట్టనివాడిని కూడా ది షో బాగానే చూసుకుంటుంది, ఇది నేను గట్టిగా నమ్మే మాట. అందుకే చెప్తున్నా, ప్యాక్‌ల (లోపల ఏ కార్డులున్నాయో తెలియని కట్టల) మీద డబ్బు తగలెయ్యకండి, కావలసిన కార్డు మార్కెట్‌లో నేరుగా కొనుక్కోండి.

మనుషులతో పోటీ పడటం ఇష్టం లేకపోయినా ఇందులో ఆడుకోవడానికి చాలా ఉంది. కాంక్వెస్ట్‌లో మ్యాప్ మీద గళ్ళు ఆక్రమించుకుంటూ కంప్యూటర్‌తో మూడేసి ఇన్నింగ్స్ మ్యాచ్‌లు ఆడతారు, మినీ సీజన్స్‌లో చిన్న లీగ్ నడుస్తుంది, 25లో కొత్తగా వచ్చిన డైమండ్ క్వెస్ట్‌లో పాచికలు వేసుకుంటూ బోర్డు మీద ముందుకెళ్ళి చివర్లో స్టేడియం దగ్గర గట్టి మ్యాచ్ గెలవాలి. ఇవన్నీ చిన్న మ్యాచ్‌లే, బహుమతులు బాగుంటాయి. ర్యాంక్డ్ మాత్రం వేరే లోకం. అక్కడ పైకెళ్ళే కొద్దీ కష్టం స్థాయి పెరుగుతుంది, ఎదుటివాడు మీ బలహీనత రెండు ఇన్నింగ్స్‌లోనే పట్టేస్తాడు, ఎత్తులో వేసిన ఫాస్ట్‌బాల్ మీరు కొట్టలేరని తెలిస్తే మ్యాచ్ అంతా అదే వేస్తాడు. నెట్ కొంచెం మొరాయించినా బంతిని చదవడానికి ఉన్న ఆ అర సెకనూ పోతుంది. గట్టి ఇంటర్నెట్, గట్టి మనసు రెండూ ఉంటేనే దిగండి.

డైమండ్ డైనాస్టీలో అసలు చిక్కు డబ్బు కంటే టైమ్. వారం వారం కొత్త ప్రోగ్రామ్, కొత్త కార్డులు, కొత్త లక్ష్యాలు వస్తూనే ఉంటాయి, రెండు వారాలు రాకపోతే వెనకబడిపోయామనే గుబులు. ది షో 23లో సెట్స్, సీజన్స్ అని పెట్టి కొంత కాలానికి పాత కార్డుల్ని పక్కన పెట్టించేవాళ్ళు, దానికి జనం గోల చేశారు, 25లో తీసేశారు, ఇప్పుడు సంపాదించిన కార్డు ఆ ఏడాదంతా వాడుకోవచ్చు, ఇది మంచి నిర్ణయం. కానీ తర్వాతి మార్చిలో కొత్త గేమ్ రాగానే ఆ జట్టు కొత్తదాంట్లోకి రాదు, మళ్ళీ సున్నా నుంచి మొదలు. కొన్నేళ్ళకి పాత గేమ్ సర్వర్లు కూడా ఆపేస్తారు, అప్పుడు ఆ మోడ్ మొత్తం మూతపడుతుంది. ఏడాది పొడవునా వారానికి అయిదారు గంటలైనా కేటాయించగలిగేవాళ్ళు, గేమ్ వచ్చిన మొదటి నెలలోనే కొనేవాళ్ళు ఇందులో దిగొచ్చు. ఆగస్టులో కొని దిగితే అప్పటికే అందరి దగ్గరా 99 రేటింగ్ కార్డులుంటాయి, ఆన్‌లైన్‌లో చితక్కొడతారు.

ఫ్రాంచైజ్ మోడ్ అంటే నాకు ఇష్టం, అందుకే దాని మీద కోపం కూడా ఎక్కువ. ఒక జట్టు మొత్తం మీ చేతిలో పెడతారు, ట్రేడ్‌లు (జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడి), కాంట్రాక్టులు, డ్రాఫ్ట్, మైనర్ లీగ్ (కింది స్థాయి లీగ్) కుర్రాళ్ళని పైకి తేవడం, బడ్జెట్, అన్నీ మీవే. నిజమైన సీజన్ లాగే 162 మ్యాచ్‌లు. తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్ సగటున ముప్పావు గంట అనుకున్నా, అన్నీ ఆడితే ఒక్క రెగ్యులర్ సీజన్‌కే 120 గంటలు దాటుతుంది. అందుకే ఎవరైనా కొన్ని ఆడి, మిగతావి సిమ్యులేషన్‌కి (కంప్యూటరే ఆడించేయడానికి) వదిలేస్తారు, ఆ వెసులుబాటు బాగానే ఇచ్చారు. పేరులేని ఒక కుర్రాణ్ణి డ్రాఫ్ట్‌లో పట్టుకుని, మూడేళ్ళు మైనర్ లీగ్‌లో పెంచి, మేజర్ లీగ్‌లో మొదటి హోమ్ రన్ మీ చేత్తోనే కొట్టించడం ఉంది చూశారా, అలాంటిది ఇంకే మోడ్‌లోనూ దొరకదు.

కోపం ఎందుకంటే ఏళ్ళుగా దీన్ని పట్టించుకోలేదు. కంప్యూటర్ జట్ల ట్రేడ్ బుద్ధి ఇప్పటికీ అంతంత మాత్రమే, ఇచ్చిపుచ్చుకోవడంలో ఒక్కోసారి తలాతోకా లేని నిర్ణయాలు తీసుకుంటాయి. ఒకప్పుడు పాత ఏడాది ఫ్రాంచైజ్‌ని కొత్త గేమ్‌లోకి తీసుకెళ్ళే వీలుండేది, 2021లో అది ఎత్తేశారు, 25లో కూడా తిరిగి రాలేదు. స్నేహితులంతా కలిసి ఒక్కో జట్టు తీసుకుని ఏళ్ళ తరబడి నడిపే ఆన్‌లైన్ ఫ్రాంచైజ్ కూడా పోయింది. 25లో ఫ్రీ ఏజెన్సీని (కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్ళని తెచ్చుకునే పద్ధతిని) మార్చి, ముందుగా ఏ ఆటగాడి వెంట పడాలో ఎంచుకుని అతన్ని ఒప్పించుకునే పద్ధతి పెట్టారు, అది నిజంగానే బాగుంది, శీతాకాలం సెలవుల్లో ఏం జరుగుతుందో అన్న ఉత్కంఠ ఉంది. ఇలాంటివి ఏటా ఒకటి చొప్పున కాకుండా ఒకేసారి నాలుగు వస్తే ఈ మోడ్ తలెత్తుకుంటుంది.

162 మ్యాచ్‌ల పేరు వింటేనే భయపడేవాళ్ళ కోసం మార్చ్ టు అక్టోబర్ ఉంది, 2019లో మొదలైంది. జట్టు ఎంచుకుంటే సీజన్‌లోని ముఖ్యమైన ఘట్టాల్లో మాత్రమే మిమ్మల్ని దింపుతుంది, ఎనిమిదో ఇన్నింగ్స్, ఒక్క పరుగు వెనకబడ్డారు, ఇద్దరు రన్నర్లు బేస్‌ల మీద, ఇదిగో ఆడండి అంటుంది. అక్కడ గెలిస్తే జట్టు ఊపందుకుని, మీరు ఆడని తర్వాతి మ్యాచ్‌లు కూడా ఎక్కువ గెలుస్తుంది, ఓడితే చల్లబడుతుంది. పెద్ద జట్టుని కాకుండా ఎవరూ లెక్కలో వేసుకోని జట్టుని తీసుకోండి, అప్పుడే ప్రతి ఘట్టం విలువ తెలుస్తుంది. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్నవాళ్ళకి నేను ముందు చెప్పేది ఈ మోడే. ఎందుకో దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

స్టోరీలైన్స్ చిన్నది, కానీ ఈ గేమ్‌లో గుండెకి తగిలేది అదే. అమెరికాలో నల్లజాతి ఆటగాళ్ళని మేజర్ లీగ్‌లోకి రానివ్వని రోజుల్లో వాళ్ళు సొంతంగా నడుపుకున్న నీగ్రో లీగ్స్ కథ ఇది, ది షో 23లో మొదలుపెట్టారు. కాన్సాస్ సిటీలోని నీగ్రో లీగ్స్ బేస్‌బాల్ మ్యూజియం అధ్యక్షుడు బాబ్ కెండ్రిక్ తెర మీదికొచ్చి ఒక్కొక్కరి గురించి చెప్తాడు, అది వినగానే ఆ ఘట్టం మీరు ఆడతారు. 1920లో మొదటి నీగ్రో నేషనల్ లీగ్‌ని నిలబెట్టిన రూబ్ ఫోస్టర్, 1948లో 42 ఏళ్ళ వయసులో మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడిన సాచెల్ పేజ్, 1947లో డాడ్జర్స్ తరఫున దిగి ఆ గోడని బద్దలుకొట్టిన జాకీ రాబిన్సన్, ది షో 24లో అయితే 1953లో మగవాళ్ళ జట్టు ఇండియానాపోలిస్ క్లౌన్స్‌కి ఆడిన టోనీ స్టోన్. కెండ్రిక్ చెప్పే తీరు అలాంటిది, సాచెల్ పేజ్ గురించి చెప్పాక అతని చేత్తో బంతి విసరబోతుంటే ఆట మారినట్టే ఉంటుంది. కష్టం కూడా తక్కువే, బేస్‌బాల్ నేర్చుకోవడానికి దీన్ని మించిన మొదటి మెట్టు లేదు. మూడు నాలుగు సాయంత్రాల్లో అయిపోతుంది కాబట్టి దీనికోసమే గేమ్ కొనమని చెప్పను, పాత ఎడిషన్ చవగ్గా దొరికితే మాత్రం కొనమనే చెప్తాను.

హోమ్ రన్ డెర్బీ, ఎగ్జిబిషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు పక్కన కూర్చుని ఆడటానికి పనికొస్తాయి.

అసలు ది షోనే వద్దనుకునేవాళ్ళకి కూడా దారులున్నాయి. పీసీ మీద ఆడేవాళ్ళయితే మీకు ఆ గొడవే లేదు, ది షో పీసీకి రాలేదు. సూపర్ మెగా బేస్‌బాల్ 4 చూడండి, 2023 జూన్‌లో వచ్చింది, పీసీతో పాటు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్ అన్నిటి మీదా ఉంది. బొమ్మల్లాంటి ఆటగాళ్ళు, రంగురంగుల స్టేడియంలు చూసి పిల్లల గేమ్ అనుకుంటే పొరబాటే, లోపల ఆట చాలా పక్కాగా ఉంటుంది. కష్టాన్ని ఈగో అనే ఒక్క అంకెతో సున్నా నుంచి 99 దాకా మీకు తగ్గట్టు పెట్టుకోవచ్చు, గెలుస్తుంటే రెండు పెంచుకోండి, ఓడుతుంటే రెండు తగ్గించుకోండి, ఇంత హాయైన ఏర్పాటు ది షోలో కూడా లేదు. సొంత జట్లు, సొంత లీగ్ పేర్లతో సహా తయారుచేసుకోవచ్చు. ఇప్పటి మేజర్ లీగ్ ఆటగాళ్ళు ఉండరు, డేవిడ్ ఓర్టిజ్, బేబ్ రూత్ లాంటి రెండు వందల మందికి పైగా రిటైరైన దిగ్గజాలు ఉంటారు. కార్డుల గోల లేదు, రోజూ రావాలన్న బలవంతం లేదు. ఇద్దరు ఒకే సోఫాలో కూర్చుని ఒకే జట్టుగా ఆడుకోవడానికి ది షో కంటే ఇదే మేలు.

జట్టు నడపడమే కావాలి, బ్యాట్ ఊపడం అక్కర్లేదు అనుకునేవాళ్ళు అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్ వైపు వెళ్ళండి. తెర నిండా అంకెలు, పట్టికలే. 1871 నుంచి ఏ ఏడాదైనా ఎంచుకుని ఆ చరిత్రని మీ ఇష్టం వచ్చినట్టు తిరగరాయొచ్చు. ది షో ఫ్రాంచైజ్‌లో నన్ను విసిగించే ట్రేడ్‌లు, కాంట్రాక్టులు ఇక్కడ ఎంతో లోతుగా ఉంటాయి. కంట్రోలర్ పట్టుకుని ఆడే ఆనందం మాత్రం ఇందులో ఉండదని తెలిసే కొనండి. బేస్‌బాల్ గేమ్ మనకి పడుతుందో లేదో తెలియనివాళ్ళకి కోనామీ వాళ్ళ డబ్ల్యూబీఎస్‌సీ ఈబేస్‌బాల్ పవర్ ప్రోస్ ఉంది, 2023లో దాదాపు ఒక్క డాలర్‌కే వదిలారు, మోడ్‌లు కొన్నే, రుచి చూడటానికి చాలు.

ఏ మెషీన్ మీద అన్నది కూడా చూసుకోండి. ది షో 25 ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్, స్విచ్ మీదే వచ్చింది, ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ ఉన్నవాళ్ళకి 24తోనే ఆఖరు. స్విచ్‌లో బొమ్మ నాణ్యత బాగా తగ్గుతుంది, సొంత స్టేడియం కట్టుకునే వీలు లేదు, ఆన్‌లైన్‌లో ప్లేస్టేషన్ వాళ్ళతో తలపడితే బంతి చదవడం మరీ కష్టం, కాబట్టి స్విచ్ వాళ్ళు రోడ్ టు ది షో, మార్చ్ టు అక్టోబర్‌లతో సరిపెట్టుకోవడం మంచిది, వాటికి చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ భలే కుదురుతుంది. ఎక్స్‌బాక్స్ వాళ్ళకి 21 నుంచి 24 దాకా విడుదల రోజే గేమ్ పాస్‌లో (నెలవారీ చందా సేవలో) దొరికేది, 25కి ఆ సౌకర్యం రాలేదు.

ధర విషయానికొస్తే కొత్త కన్సోళ్ళ మీద 70 డాలర్లతో మొదలవుతుంది, సీజన్ సాగే కొద్దీ డిస్కౌంట్లు వస్తాయి, అక్టోబర్‌లో వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) నాటికి బాగా దిగొస్తుంది. డైమండ్ డైనాస్టీ మీ మోడ్ అయితే మార్చిలోనే కొనండి, లేకపోతే సగం ఏడాది పోగొట్టుకున్నట్టే. ఫ్రాంచైజ్, రోడ్ టు ది షో, మార్చ్ టు అక్టోబర్ మీవైతే ఆగండి, తగ్గాకే కొనండి. ఇప్పటికే 24 ఉండి ఫ్రాంచైజ్ మాత్రమే ఆడేవాళ్ళు 25కి పరిగెత్తాల్సిన పనే లేదు, రోడ్ టు ది షో వాళ్ళకి మాత్రం ఆ హైస్కూల్, కాలేజీ భాగం కోసం మారడం సబబే.

కొన్నాక మొదటి రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి బ్యాటింగ్ కెమెరాని స్ట్రైక్ జోన్‌కి మార్చండి, కొట్టడానికి జోన్, విసరడానికి మీటర్ పెట్టండి, డిఫికల్టీని డైనమిక్‌లో వదిలేయండి, అది మీ ఆటని బట్టి తనే పెరుగుతుంది, తగ్గుతుంది. తర్వాత కస్టమ్ ప్రాక్టీస్‌లో ఒకే పిచ్చర్‌ని పెట్టుకుని అరగంటసేపు బ్యాట్ ఊపకుండా బంతులు చూడండి, ఏది స్ట్రైక్ ఏది బాల్ అని పైకి చెప్పుకుంటూ. పదిలో ఏడు సరిగ్గా చెప్పగలిగాక మోడ్ తెరవండి.